అంగదుడు ఇంటికి ఎందుకు వెళ్ళనన్నాడు? – ఎంట్రన్స్ రాసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవాళ్ళ కోసం



పోయిన వారం వీడియోలో కిష్కింధాకాండ చెప్పుకుంటూ వానరులు దక్షిణ సముద్రం ఒడ్డుకి చేరేదాకా వచ్చి ఆగాం. లెక్క ప్రకారం ఈ వారం హనుమంతుడి లంఘనం. అందరూ ఎదురుచూసే చోటు అదే. కానీ ఈ మధ్యలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను ఆ ఒడ్డునే కూర్చోబెట్టేసింది. వీడియోలో దాని గురించి రెండు నిమిషాలే మాట్లాడగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. తమ్ముడు సెకండ్ ఇంటర్, ఎంపీసీ. జనవరిలో జేఈఈ మెయిన్. "అన్నా, వాడు రోజూ ఏ స్తోత్రం చదివితే మంచిది? మార్కులు పెరగట్లేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడట్లేదు" అని అడిగింది.

ఇందులో మూడు వాక్యాలున్నాయి. మనలో చాలామందిమి మొదటి వాక్యానికే జవాబు చెప్తాం. హయగ్రీవ స్తోత్రం చదివించండి, సరస్వతీ స్తోత్రం చదివించండి, బాసర తీసుకెళ్ళండి అంటాం. కొంచెం చదువుకున్నవాళ్ళయితే రెండో వాక్యానికి కూడా చెప్తారు, ఫలానా మెటీరియల్ కొనమని. మూడో వాక్యాన్ని మాత్రం అందరం దాటేసి వెళ్ళిపోతాం. ఆ పిల్లాడు మాట్లాడట్లేదు. అసలు సంగతి అక్కడుంది.

మొక్కుకోవద్దని నేను చచ్చినా అనను. నేనూ చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసినవాణ్ణే. కోరిక తీరితే వచ్చి 108 చేయాలి కదా, నాకు ఐఐటీ రాలేదు కాబట్టి ఆ బాకీ లేదు! బాలాజీతో నాకేం గొడవ లేదు, ఇప్పటికీ వెళ్తుంటాను. హాల్ టికెట్ దేవుడి పాదాల దగ్గర పెట్టి తీసుకోవడం మన ఇళ్ళల్లో ఉన్న మంచి అలవాటు. పిల్లాడికి "నేనొక్కణ్ణే కాదు" అనే ధైర్యం వస్తుంది. కానీ ఆ ధైర్యం గుడిలో దొరికి, ఇంటికి రాగానే పోతుంటే మనం ఏదో తప్పు చేస్తున్నట్టే.

ముందు ఈ పరీక్ష సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం, తెలియనివాళ్ళ కోసం. జేఈఈ మెయిన్ ఐఐటీలకి మొదటి గుమ్మం లాంటిది. ఎన్‌ఐటీలకీ, ట్రిపుల్ ఐటీలకీ ఈ ర్యాంకుతోనే సీట్లిస్తారు. ఐఐటీ కావాలంటే మాత్రం దీన్ని దాటి అడ్వాన్స్‌డ్ రాయాలి. 2025లో మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షల పైచిలుకు. అడ్వాన్స్‌డ్‌కి పంపేది అందులో పై 2,50,000 మందిని. ఐఐటీలన్నీ కలిపి సీట్లు సుమారు 18,000. అంటే నూటికి 80 మందికి పైగా పిల్లలకి ఐఐటీ దారి ఈ మొదటి గుమ్మం దగ్గరే మూసుకుపోతుంది. వాళ్ళేమీ సోమరిపోతులు కాదు. పదిహేనేళ్ళకే ఇల్లు వదిలి హాస్టల్లో పడి చదివినవాళ్ళు కూడా అందులో బోలెడంతమంది ఉంటారు. ఆ ఎనభై మందికి మనం ముందుగా ఏం చెప్పి పంపిస్తున్నాం? ఏమీ చెప్పట్లేదు. "నీకు తప్పకుండా వస్తుంది" అని చెప్పి పంపిస్తున్నాం.

ఇప్పుడు ఒడ్డుకి వద్దాం.

సుగ్రీవుడు వానరుల్ని నాలుగు దిక్కులకీ పంపుతూ నెల రోజులు గడువు పెట్టాడు. నెల దాటితే శిక్ష తప్పదన్నాడు. తూర్పు, పడమర, ఉత్తరం వెళ్ళినవాళ్ళు గడువులోపే తిరిగొచ్చేశారు. సీతమ్మ జాడ తెలీలేదు, ఉత్త చేతులతోనే వచ్చారు. వాళ్ళనెవరూ ఏమీ అనలేదు. దక్షిణానికి వెళ్ళినవాళ్ళు మాత్రం దారిలో ఒక గుహలో చిక్కుకున్నారు. స్వయంప్రభ అనే తపస్విని దయతో బయటపడేసరికి గడువు దాటిపోయింది. ఎదురుగా సముద్రం, వెనకాల సుగ్రీవుడు.

అప్పుడు అంగదుడు ఒక మాట అంటాడు. ఇతను దళానికి నాయకుడు, యువరాజు, వాలి కొడుకు. తెలివైనవాడు, బలవంతుడు. మన భాషలో చెప్పాలంటే సెక్షన్ టాపర్. "నేను ఇంటికి రాను. ఇక్కడే అన్నం నీళ్ళు మానేసి ప్రాణం వదిలేస్తాను. అక్కడికి వెళ్ళి అవమానపడి చావడం కంటే ఇదే నయం" అని నేల మీద దర్భలు పరుచుకుని కూర్చుంటాడు. దీన్నే ప్రాయోపవేశం అంటారు.

ఒక్క విషయం గమనించండి. అంగదుణ్ణి కూలదోసింది సముద్రం కాదు. నూరు యోజనాల సముద్రం ఎలా దాటాలన్న ప్రశ్న అప్పటికింకా మొదలే కాలేదు. అతన్ని కూర్చోబెట్టేసింది "ఇంటికెళ్తే ఏమవుతుందో" అన్న భయం. వాళ్ళ బాబాయ్ ముఖం ఎలా చూడాలన్న భయం. పిల్లలు ఫిజిక్స్‌కి భయపడి ఇంత దూరం రారండీ. ఫలితం వచ్చిన రోజు సాయంత్రం హాల్లో సోఫాలో కూర్చునే మనకి భయపడతారు.

ఇంకో సంగతి, ఇది చాలామంది ప్రవచనాల్లో తొందరగా దాటేస్తారు. అంగదుడికి నచ్చజెప్పడానికి ప్రయత్నించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ హనుమంతుడే. మాటల్లో ఆయన్ని మించినవాడు లేడని రాముడే మెచ్చుకున్నాడు. అలాంటివాడు ఎంతో తర్కంగా చెప్పాడు, మీ పినతండ్రి ధర్మం తెలిసినవాడు, నిన్నేమీ చేయడు అని. అంగదుడు వినలేదు. వినకపోగా సుగ్రీవుడి మీద తన కడుపులో ఉన్న కోపమంతా కక్కాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు.

హనుమంతుడంతటివాడి లాజిక్కే పనిచేయలేదు! మరి మనం తలుపు దగ్గర నిలబడి "ఎందుకురా టెన్షన్, పాజిటివ్‌గా ఆలోచించు" అంటే ఆ పిల్లాడు లేచి నవ్వుతాడా?

మరి ఆ ఒడ్డున పరిస్థితి మార్చింది ఎవరు? సంపాతి.

సంపాతి అంటే జటాయువు అన్నగారు, ముసలి గద్ద. మొదట వీళ్ళని చూసి సంతోషపడ్డాడు, పాపం, ఇన్నాళ్ళకి దేవుడు కూర్చున్న చోటికే భోజనం పంపాడని! ఇంతలో వీళ్ళ మాటల్లో జటాయువు పేరు వినపడింది. రావణుడి చేతిలో తమ్ముడు చనిపోయాడని తెలిసింది. "నన్ను కొండ మీంచి కాస్త కిందికి దించండి నాయనా, నాకు రెక్కల్లేవు" అన్నాడు.

రెక్కలెందుకు లేవు? వయసులో ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ పందెం వేసుకుని సూర్యుడి దాకా ఎగిరారు. పైకి వెళ్ళేకొద్దీ వేడికి జటాయువు సొమ్మసిల్లిపోతున్నాడు. అన్న తన రెక్కలు చాచి తమ్ముడికి నీడ పట్టాడు. తమ్ముడు బతికాడు, అన్న రెక్కలు కాలిపోయాయి. వచ్చి వింధ్య పర్వతం మీద పడ్డాడు. అప్పట్నుంచీ కొడుకు తెచ్చిపెడితే తినడం, లేకపోతే పస్తు. లోకం దృష్టిలో సంపాతి ఒక ఫెయిల్యూర్. పందెం ఓడిపోయినవాడు.

కానీ ఆ ఒడ్డున అంతమంది మహావీరుల్లో ఒక్కరికీ కనపడనిది అతనికి కనపడింది. కూర్చున్న చోటినుంచే నూరు యోజనాల అవతల లంకనీ, అందులో సీతమ్మనీ చూశాడు. ఇదిగో ఇక్కడుంది, ఇంత దూరం, దాటండి అని చెప్పాడు. నువ్వెందుకు చచ్చిపోతానంటున్నావని అంగదుడితో వాదన పెట్టుకోలేదు. ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. తర్వాత చేయాల్సిన పని ఎక్కడుందో చూపించాడు, అంతే. దర్భల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

అలా చెబుతుండగానే సంపాతికి కొత్త రెక్కలు మొలిచాయి. ఎప్పుడో ఒక ముని చెప్పి ఉన్నాడట, రామకార్యం మీద వచ్చే వానరులకి నువ్వు దారి చూపించిన రోజున నీ రెక్కలు నీకొస్తాయని.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మా పెద్దమ్మ కొడుకు గుర్తొస్తాడు. నా ఇంటర్ రోజుల్లో జేఈఈ మెయిన్ లేదు, ఏఐఈఈఈ ఉండేది. అన్నయ్య అది రెండుసార్లు రాశాడు, సీటు రాలేదు, డిగ్రీలో చేరాడు. ఇంట్లో అతని ముందు ఎంట్రన్స్ మాటే ఎత్తేవాళ్ళు కాదు. చుట్టాలొస్తే అన్నయ్య పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

నేను సెకండ్ ఇయర్ హాస్టల్లో ఉన్నాను. కాలేజీ పేరు అనవసరం. ఆదివారం టెస్టు, సోమవారం పొద్దున మెస్ దగ్గర గోడకి ర్యాంకుల లిస్టు. పేరు కింద నుంచి వెతుక్కోవడం అలవాటైపోయింది నాకు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మొదటి మాట "ఈ వారం ఎంత?" రెండో మాట ఉండేది కాదు. కొన్నాళ్ళకి నేను ఫోన్ చేయడమే మానేశాను.

ఒక ఔటింగ్ రోజున అన్నయ్య వచ్చాడు, పెద్దమ్మ చేసిన పులిహోర డబ్బాతో. గేటు పక్క చెట్టుకింద కూర్చున్నాం. ర్యాంకు అడగలేదు. నేను తినేదాకా ఊరుకుని, "నీ దగ్గర పాత టెస్టు పేపర్లున్నాయా? తెచ్చుకో" అన్నాడు. తెచ్చాను. ఒక్కో తప్పునీ చూసుకుంటూ పోయాడు. "ఇది నీకు రాదు. ఇది వచ్చు, తొందరలో మైనస్ గుర్తు పోయింది. ఇది కూడా వచ్చు. ఇది చూడు, ఊహించి పెట్టావు." గంటన్నర పట్టింది. తర్వాత "నేను ఆర్గానిక్ కెమిస్ట్రీకి భయపడి చివరికి చూద్దాంలే అని వదిలేశాను. చివర అనేది రాలేదు. నువ్వు అక్కడ పడకు" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికి ఎంత కష్టమైందో అప్పుడు నాకు తెలీదు. ఆ తర్వాత నెలకి రెండుసార్లు వచ్చాడు.

నాకేమీ గొప్ప ర్యాంకు రాలేదు, ముందే చెప్పానుగా. మామూలు ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కానీ నేను ఆ సంవత్సరం దాటాను. కొంతమంది దాటలేదు. మా బ్లాకులో ఒక మంచం ఫిబ్రవరిలో ఖాళీ అయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

మీలో చాలామంది నాలాంటివాళ్ళే, అన్నయ్యలాంటివాళ్ళే. ఎంసెట్టో, జేఈఈనో, నీటో రాసి, రెక్కలు కాస్తో కూస్తో కాల్చుకుని వచ్చినవాళ్ళు. "నాకే రాలేదు, నేనేం చెప్తాను" అనుకుంటారు. ఎక్కడ కాలుతుందో తెలిసింది మీకే కదా! ఐఐటీ వచ్చిన మావయ్య ఎలా గెలిచాడో చెప్తాడు. ఏ మలుపులో కాలు జారుతుందో మీరే చెప్పగలరు.

సరే, సంపాతి చెప్పాక ఏం జరిగింది? వానరులు సంతోషంగా ఒడ్డుకి పరిగెత్తారు, సముద్రాన్ని చూసి మళ్ళీ డీలా పడ్డారు. ఇదీ సహజమే. సిలబస్ మొత్తం ఒకేసారి చూస్తే ఎవరికైనా అంతే. అప్పుడు అంగదుడు అడిగాడు, ఎవరెంత దూరం దూకగలరో చెప్పండని. ఒక్కొక్కరూ లేచి చెప్పారు. గజుడు 10 యోజనాలు, గవాక్షుడు 20. అలా పెరుగుతూ పోయి, జాంబవంతుడు 90 అన్నాడు. ఆఖర్న అంగదుడు, "నూరూ దూకగలను, కానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేను" అన్నాడు.

నాకు చాలా ఇష్టమైన సభ ఇది. ఎవరూ గొప్పలకి పోలేదు. 10 అన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. 20 అన్నవాడు 10 వాణ్ణి చిన్నచూపు చూడలేదు. మాక్ టెస్టు అంటే ఇలా ఉండాలి. గోడ మీద లిస్టులా కాదు. నేను ప్రస్తుతం ఎంత దూరం దూకగలను అని నిజంగా తెలుసుకోవడం, అంతే.

మీ తమ్ముడితో ఇది చేయండి. జేఈఈ మెయిన్ ఉదయం షిఫ్టు 9 నుంచి 12 దాకా, మధ్యాహ్నం షిఫ్టు 3 నుంచి 6 దాకా ఉంటుంది. ఆదివారం సరిగ్గా 9కి పాత పేపర్ ఒకటి కంప్యూటర్‌లో పెట్టి కూర్చోబెట్టండి. కంప్యూటర్‌లోనే, ఎందుకంటే పరీక్ష కూడా అందులోనే. 75 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఇంట్లో టీవీ వద్దు, కుక్కర్ విజిల్ కూడా కుదిరితే వద్దు. మీ ఫోన్ కూడా పక్క గదిలో పడేసి, మీ పనేదో చేసుకుంటూ అక్కడే ఉండండి. పర్యవేక్షణ కోసం కాదు, తోడు కోసం. అయ్యాక వెంటనే మార్కులు లెక్కపెట్టకండి. భోజనం పెట్టండి. సాయంత్రం కూర్చుని ఒక నోట్‌బుక్‌లో తప్పుల్ని మూడు వరసల్లో రాయించండి. అసలు రానివి, వచ్చి కూడా పొరపాటు చేసినవి, టైమ్ చాలక వదిలేసినవి. రెండో వరస చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. కొత్త చాప్టర్ ఒక్కటీ చదవకుండానే అక్కడ ఎన్నో మార్కులు దొరుకుతాయి.

అంగదుడి మాట ఇంకోటి ఉంది కదా, వెళ్ళగలను, తిరిగి రాలేనేమో అని. నెగటివ్ మార్కింగ్ అంటే అదే అని నేను క్లాసుల్లో సరదాగా చెప్తుంటాను. మెయిన్‌లో సరైన జవాబుకి 4, తప్పుకి ఒకటి కోత. ఒక పిల్లాడు 60 ప్రశ్నలు పెట్టాడనుకోండి, 36 కరెక్ట్, 24 తప్పు. వచ్చేది 120. ఆ తప్పుల్లో గుడ్డిగా పెట్టిన 14 వదిలేసి ఉంటే 134. చదువు అంతే, మార్కులు 14 ఎక్కువ. అదే మన ఈఏపీసెట్‌లో మైనస్ మార్కులు లేవు, 160 ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు. రెండూ రాసే పిల్లలు ఈ తేడా మర్చిపోతుంటారు. పరీక్షకి ముందు రోజు గుర్తుచేయండి, అది కూడా సేవే.

ఇంకొక్కటి చెప్పండి వాడికి. మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది. రెండూ రాస్తే మెరుగైన స్కోరునే ర్యాంకుకి తీసుకుంటారు. జనవరి పోతే కొంప మునగదు. మధ్యలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలున్నాయి, ఎన్‌ఐటీకైనా ఐఐటీకైనా ఆ మార్కులకీ ఒక కనీస హద్దు ఉంది కాబట్టి వాటిని గాలికి వదిలేయకూడదు. ఇదంతా వాడికి తెలిసే ఉంటుంది. అయినా మీ నోటితో వింటే వేరుగా ఉంటుంది.

ఇప్పుడు జాంబవంతుడు. అందరూ తమ దూరాలు చెప్పుకుంటుంటే ఒకడు పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. హనుమంతుడు. చూశారా, ఆ అమ్మాయి రాసిన మూడో వాక్యం! "ఎవరితోనూ మాట్లాడట్లేదు." ఆ సభలో అందరూ గోల చేస్తున్నవాళ్ళనే చూస్తుంటే, జాంబవంతుడు మాత్రం మౌనంగా ఉన్నవాణ్ణి చూశాడు. లేచి వాడి దగ్గరికి వెళ్ళాడు.

జాంబవంతుడు కూడా "మా రోజుల్లో" అన్నాడండోయ్, అనలేదని కాదు. త్రివిక్రముడు పెరుగుతుంటే ఆయన చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేసినవాణ్ణి అని చెప్పుకున్నాడు. కానీ అంతటితో ఆపేసి, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, నావల్ల కాదు అన్నాడు. మన మావయ్యలు ఆ రెండో సగం మర్చిపోతారు.

హనుమంతుడితో ఏం చెప్పాడు? కొత్తగా ఏమీ చెప్పలేదు. వాడి కథ వాడికే చెప్పాడు. నువ్వు పుట్టినప్పుడు ఇలా జరిగింది, చిన్నప్పుడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరావు, వజ్రం దెబ్బ తిన్నావు, వరాలు పొందావు అని. గజుడు పది దూకుతానన్నాడు, నీకేమైంది అనలేదు. మీ తమ్ముడికి ఎవరూ చెప్పని వాడి కథ ఏదో మీకు తెలిసే ఉంటుంది. అయిదో తరగతిలో పాడైపోయిన టార్చ్‌లైట్ విప్పి బాగుచేసింది మీరు చూసే ఉంటారు. టెన్త్‌లో జ్వరంతో లెక్కల పరీక్ష రాసొచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అది చెప్పండి. "నువ్వు గ్రేట్" అంటే నమ్మడు. "ఆ రోజు నువ్వు ఇలా చేశావు" అంటే నమ్ముతాడు, ఎందుకంటే అది నిజంగా జరిగింది.

ఫలం మీద ఆశ పెట్టుకోవద్దని గీత చెప్పిందని పిల్లలకి స్టేటస్‌లు పంపిస్తుంటాం. ఫలితాల రోజు సైటు తెరుచుకోకపోతే మాత్రం పదిసార్లు రిఫ్రెష్ కొట్టేది మనమే. వాడికి చెప్పే ముందు ఆ మాట కాస్త మనం సాధన చేద్దాం.

ఇక చెప్పడానికి నాకు కష్టంగా ఉన్నా చెప్పాల్సిన సంగతి. లంకకి వెళ్ళాక హనుమంతుడు రాత్రంతా వెతికాడు. సీతమ్మ కనపడలేదు. అప్పుడు ఆయనకి కూడా అంగదుడికి వచ్చిన ఆలోచనే వచ్చింది. నేను ఉత్త చేతులతో వెళ్తే రాముడేమవుతాడు, లక్ష్మణుడేమవుతాడు, కిష్కింధ ఏమవుతుంది, నేను వెళ్ళకపోతేనే మేలు అనుకున్నాడు. ఎలా చనిపోవాలా అని కూడా ఆలోచించాడు. అవును, మన హనుమంతుడే. వాల్మీకి దీన్ని దాచలేదు. బలహీనులకే అలాంటి ఆలోచనలొస్తాయని ఇకమీదట ఎవరూ అనకండి. తర్వాత ఆయనే సర్దుకున్నాడు, బతికి ఉంటే ఎప్పటికైనా మంచి చూడొచ్చని. తలెత్తి చూస్తే ఇంకా వెతకని తోట ఒకటి కనిపించింది, అశోకవనం.

హనుమంతుడు తనంతట తాను సర్దుకున్నాడు కదా అని మన పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళు సర్దుకోమని వదిలేయకూడదు. తిండి మానేసినా, నిద్రపోకపోయినా, "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట ఒక్కసారి అన్నా, దాన్ని నాటకం అనుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. ఒంటరిగా వదలకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఫోన్లో సేవ్ చేసుకోండి, వాడి ఫోన్లో కూడా. దేవుణ్ణి నమ్మేవాళ్ళం డాక్టర్ దగ్గరికి వెళ్ళడమేంటి అంటారా? అంగదుడు అడక్కుండానే సంపాతి వచ్చాడు. మనం అడిగితే వచ్చేవాళ్ళున్నారు, ఫోన్ చేయడానికేం?

ఇంతకీ ఆ అమ్మాయికి నేనిచ్చిన జవాబు. స్తోత్రం చదివించు తల్లీ, పొద్దున అయిదు నిమిషాలు, వాడొక్కణ్ణే కాదు, నువ్వూ పక్కన కూర్చుని చదువు. మార్కుల కోసం అని చెప్పకు. అలా చెప్తే మార్కులు తగ్గిన రోజున దేవుడు కూడా తన మీద కోపంగా ఉన్నాడనుకుంటాడు. వసంత పంచమి చాలా ఏళ్ళు ఈ పరీక్షల దగ్గర్లోనే వస్తుంది. ఆ రోజు పుస్తకాలు పూజలో పెట్టి, సాయంత్రం దాకా ముట్టుకోనివ్వకు. ఒక్కపూట సెలవుతో ర్యాంకు పోదు.

పరీక్షకి వారం ముందు ఒక రాత్రి మీ నాన్నగారిని కూడా ఒప్పించి కూర్చోబెట్టు. ఇది నువ్వే చేయగలవు. "ర్యాంకు ఎంతొచ్చినా సరే, ఆ రోజు రాత్రి అందరం కలిసి ఇక్కడే భోంచేస్తాం" అని ఆయన నోటితో వాడికి చెప్పించు. ఫలితం వచ్చాక చెప్తే ఓదార్పు అవుతుంది. ముందే చెప్పాలి. అంగదుడికి ఆ మాట ఎవరైనా ముందే చెప్పి పంపి ఉంటే ఆ దర్భలు పరుచుకునేవాడు కాదేమో.

ముందు రోజు అడ్మిట్ కార్డు ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు, ఫోటో దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టించు. చేతికి రాగి కడియం, మెళ్ళో లోహపు తాయెత్తు ఉంటే ఆ రాత్రే తీసి అక్కడే పెట్టమను. పొద్దున గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ కూస్తే, చెకింగ్ వాళ్ళు తీసేయమంటే, అపశకునం అని పిల్లలు బెదిరిపోతారు. మన చేత్తో మనం దేవుడి దగ్గర పెట్టి వెళ్తే ఆ బెంగ ఉండదు. సెంటర్ ఎక్కడో ముందే ఒకసారి వెళ్ళి చూసి రండి, హైదరాబాద్ ట్రాఫిక్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

పన్నెండు దాటాక పిల్లలు బయటికొస్తారు. గేటు బయట వందమంది తల్లిదండ్రులు ఒకటే అడుగుతుంటారు, "ఎలా రాశావు, ఎన్ని పెట్టావు?" నువ్వు పులిహోర డబ్బా తీసుకెళ్ళు. మూత తీసి చేతికివ్వు. వాడు మాట్లాడేదాకా నువ్వు మాట్లాడకు.

వచ్చే వారం వీడియోలో హనుమంతుడు మహేంద్రగిరి ఎక్కుతాడు. జై శ్రీరామ్.